వరద కాలువ పూడ్చేశారు, రైతులకూ మత్స్యకారులకూ తగాదా: ఊరి చెరువును ఎలా కాపాడుకోవాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా చెబుతాను. మీ చెరువు హైదరాబాద్ శివార్లకు ఆనుకున్న గొలుసుకట్టులో, అంటే ఒకటి నిండితే దాని కిందిదానికి నీళ్లు చేరే చెరువుల వరుసలో, మధ్యది. పైచెరువు మత్తడి (చెరువు నిండాక నీరు పొర్లిపోయే అలుగు) దుంకితే నీళ్లు మీ చెరువుకు తెచ్చే వరద కాలువను ఒక ఇళ్ల ప్లాట్ల వెంచర్ వాళ్లు నాలుగు నెలల కిందట మట్టి పోసి చదును చేశారు. అంతకుముందు నుంచే ఆయకట్టు రైతులకూ మత్స్యకారుల సహకార సంఘానికీ యాసంగి నీళ్ల దగ్గర తగాదా ఉంది, రెండు వర్గాలూ ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు పెట్టుకున్నాయి. కేసు వేయాలా, ధర్నా చేయాలా, కలెక్టరును కలవాలా అని మీరు అడిగారు.

నీటిపారుదల శాఖలో చిన్ననీటి వనరుల పనులు చూసి విరమణ చేసినవాణ్ని. ఆ తర్వాత కూడా చెరువు కమిటీలతో కలిసి పనిచేస్తున్నాను. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీరు చెప్పిన మూడు పనులూ అవసరమే గానీ, మొదటి పని అవేవీ కావు. రైతులూ మత్స్యకారులూ ఒక్క కాగితం మీద సంతకం పెట్టనంత కాలం మీ కాలువ తిరిగి రాదు. ఎందుకంటే కాలువ ఆక్రమించినవారి న్యాయవాది మొదట చూపించేది మీ ఊరివాళ్లే ఒకరి మీద ఒకరు పెట్టుకున్న ఫిర్యాదులను. నీళ్లు పంచుకోవడంలో కట్టుబాటు ఉన్న ఊరు చెరువును రక్షించుకోగలిగిన సందర్భాలు నేను చూశాను. కట్టుబాటు పోయిన ఊరికి కోర్టు ఉత్తర్వు వచ్చినా, దాన్ని అమలు చేయించేందుకు వెంట తిరిగే మనిషి లేక అది ఫైల్లోనే ఉండిపోవటమూ చూశాను.

ముందుగా చెరువు ఎక్కడ దెబ్బతింటుందో స్పష్టంగా తెలుసుకోవాలి. అందరి చూపూ శిఖం భూమి మీద, అంటే నీళ్లు నిలిచే నేల మీద ఉంటుంది. అక్కడ ఒక గోడ లేస్తే ఊరంతా చూస్తుంది. కానీ చెరువులు ఎక్కువగా చచ్చిపోయేది రెండు చోట్ల: పైన వరద కాలువ దగ్గర, కింద మత్తడి దగ్గర. కాలువ పూడితే నీళ్లు రావు, నాలుగైదేళ్లు నీళ్లు రాని నేలను చూపించి ఇది చెరువే కాదని వాదించటం తేలికవుతుంది. మత్తడి సంగతి ఇంకా సూక్ష్మమైనది. మీరు వింటున్న ఎఫ్‌టీఎల్, అంటే పూర్తి నీటి మట్టం, మత్తడి పైఅంచు మట్టమే. నీళ్లు మత్తడి మీదుగా పొర్లటం మొదలయ్యేటప్పుడు చెరువులో నీరు ఎంత దూరం పరుచుకొని ఉంటుందో ఆ అంచే ఎఫ్‌టీఎల్ గీత. శిఖంలో నేల వాలు 200 అడుగులకు 1 అడుగు ఉందనుకుంటే, ఎవరైనా రాత్రిపూట మత్తడిని 1 అడుగు మేర పగులగొట్టినా నీటి అంచు 200 అడుగులు లోపలికి జరిగిపోతుంది. ఆ తర్వాత సర్వేకు వచ్చినవాళ్లు పగిలిన మత్తడి మట్టాన్ని కొలిస్తే, ఆ 200 అడుగుల నేల కాగితం మీద చెరువు బయటికి వెళ్లిపోతుంది. కాబట్టి మత్తడి పైఅంచు, తూము (కట్ట నుంచి పొలాలకు నీళ్లు వదిలే ద్వారం) అడుగు మట్టం ఈ రెండింటినీ నీటిపారుదల శాఖ రికార్డుల్లో ఉన్న అంకెలతో సరిపోల్చి, దగ్గరలో ఉన్న చెక్కుచెదరని బండరాయి మీదనో గుడి మెట్టు మీదనో ఒక శాశ్వత గుర్తు పెట్టించండి. ఇది ఆ శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) సమక్షంలో జరగాలి, పంచనామా రాయించాలి.

మన పెద్దలకు ఇది తెలియని సంగతి కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు కట్ట దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు ఆ చెరువు తవ్వించినప్పుడు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లపాటు పనిచేసినట్టు అందులో రాసి ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలతో పాటు ఆరు దోషాలనూ ఆ శాసనం చెబుతుంది. కట్ట నుంచి నీరు కారటం, నేల చవుడు కావటం, చెరువు మధ్యలో మిట్ట ఉండటం వంటి ఇంజనీరు దోషాల సరసనే, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటాన్నీ, నీరు తక్కువై సాగు భూమి ఎక్కువ కావటాన్నీ కూడా దోషాలుగా లెక్కించారు. తగాదా పుట్టించే పరిస్థితిని కట్టడం లోపంతో సమానంగా చూసిన ఆ దృష్టి మనకు ఇప్పుడు చాలా అవసరం. మీ చెరువుకు ఇప్పుడు ఉన్నది సరిగ్గా ఆ దోషమే: నీరు తగ్గింది, అడిగేవారు తగ్గలేదు.

ఇక రైతులూ మత్స్యకారుల సంగతి. మీరు రాసిన తీరు చూస్తే మీరు ఆయకట్టు రైతు కుటుంబం నుంచి వచ్చినట్టున్నారు. చేపల సంఘం వాళ్లు నీళ్లు వదలనివ్వటం లేదని మీ ఫిర్యాదు. వాళ్ల వైపు నుంచి చూడండి. ఏప్రిల్, మే నెలల్లో చెరువు నీరు నెలకు ముప్పాతిక అడుగు నుంచి అడుగు వరకు ఎండకే ఆవిరైపోతుంది. లోతు మూడడుగులకు తగ్గిన చెరువులో నీరు వేడెక్కి, బురద రేగి, తెల్లవారుజామున గాలి అందక చేప తేలిపోతుంది. బొచ్చె, రోహు కిలో బరువుకు రావాల్సిన సమయం అదే. అంటే రైతు చివరి తడి కోసం తూము ఎత్తే వారమే మత్స్యకారుడికి ఏడాది కష్టం పోయే వారం. ఇద్దరిలో ఎవరూ అత్యాశకు పోవటం లేదు. నీళ్లు ఎన్ని ఉన్నాయో, ఎవరికి ఎన్ని కావాలో పంట వేయకముందే లెక్క తేల్చుకోకపోవటమే అసలు లోపం.

ఆ లెక్క తేల్చే పద్ధతికి తెలంగాణలో తైబందీ అనే పేరు ఉంది. పాఖాల, లక్నవరం వంటి పెద్ద చెరువుల కింద యాసంగికి ముందు సమావేశం పెట్టి, ఉన్న నీటికి ఎన్ని ఎకరాలు, ఏ తూము కింద ఏ భాగం అని ఖరారు చేసే ఆచారం ఇప్పటికీ ఉంది. చిన్న చెరువుల కింద ఇది దాదాపుగా పోయింది. బోర్లు వచ్చాక చెరువు నీళ్ల మీద ఆధారపడటం తగ్గి, పంచుకోవాల్సిన అవసరమే లేదన్నట్టు ఊళ్లు ప్రవర్తించాయి. మీరు దాన్ని తిరిగి పెట్టుకోవాలి, అదీ మత్స్యకారుల సంఘాన్ని కూర్చోబెట్టుకొని.

లెక్క కష్టమైనది కాదు. ఒక ఎకరం మీద ఒక అడుగు లోతు నీరు అంటే 12 లక్షల లీటర్ల పైచిలుకు; దీన్ని ఎకరా అడుగు అనుకుందాం. ఏ మట్టం దగ్గర ఎంత నీరు ఉంటుందో చెప్పే పట్టిక శాఖ దగ్గర ఉంటుంది, పూడిక తీసిన తర్వాత దాన్ని సవరించమని అడగాలి. ఉదాహరణకు నవంబరు చివర మీ చెరువులో తూము మట్టానికి పైన 200 ఎకరా అడుగుల నీరు ఉందనుకోండి. ఆవిరికీ ఇంకుడుకూ 50 తీసేయండి. మిగిలిన 150లో వరి వేస్తే, పొలంలో నాలుగడుగులు, కాలువ నష్టంతో కలిపి ఐదడుగులు లెక్కన 30 ఎకరాలకే సరిపోతుంది. అదే నీటితో ఆరుతడి పంటలైతే నష్టంతో కలిపి రెండున్నర అడుగుల లెక్కన 60 ఎకరాలు పారుతుంది. ఈ అంకెలను గ్రామసభలో గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. వంద ఎకరాల వరి నాటుదామని అప్పుడు ఎవరైనా అంటే, మిగతా 70 ఎకరాల నీళ్లు ఎక్కడివని అడగటానికి పది మంది ఉంటారు.

రైతులకు ఇంత లెక్క సాగదని అధికారులు అనటం మీరు వినే ఉంటారు. దానికి జవాబు మన దగ్గరే ఉంది. 2003 నుంచి 2009 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే భూగర్భ జలాలను నిర్వహించుకునే కార్యక్రమం నడిచింది. ఆరు వందలకు పైగా ఆవాసాల్లో స్త్రీ పురుషులు వర్షమాపకాలు చూసి రాసుకున్నారు, బావుల్లో నీటి మట్టం కొలిచారు, రబీ ముందు తమ పరీవాహకంలో ఎంత నీరు ఉందో, వేయదలచిన పంటలకు ఎంత కావాలో పక్కపక్కన రాసి చూసుకున్నారు. ఎవరి మోటారూ ఎవరూ ఆపలేదు, ఏ నిషేధమూ పెట్టలేదు. అంకెలు కళ్లముందు ఉన్నాక చాలామంది వరి తగ్గించుకొని తక్కువ నీటి పంటలకు మళ్లారు. బోర్ల నీటికే ఇది సాధ్యమైతే, కట్ట మీద నిలబడితే కంటికి కనిపించే చెరువు నీటికి సాధ్యం కాకపోవటానికి కారణం లేదు.

మత్స్యకారులతో ఒప్పందంలో నాలుగు విషయాలు తప్పనిసరిగా ఉండాలి. మొదటిది, అన్నిటికన్నా కింద ఉన్న తూము మట్టానికి దిగువ నీరు చేపలదీ పశువులదీ. దాని మీద రైతులు మోటార్లు పెట్టరాదు. ఈ ఒక్క షరతుకు రైతులు ఒప్పుకుంటే సగం తగాదా తీరుతుంది. రెండోది, దానికి బదులుగా సంఘం ఇవ్వాల్సింది. చేపలు కొట్టుకుపోకుండా మత్తడి మీద జాలీలు కట్టడం చాలా చోట్ల అలవాటు. పెద్ద వరదలో ఆ జాలీకి చెత్త, గుర్రపుడెక్క పట్టుకొని నీరు ఎగదన్ని కట్ట మీదికి వస్తుంది. కట్ట తెగితే చేప, పొలం, ఇళ్లు అన్నీ పోతాయి. జాలీ ఏ మట్టం వరకు ఉంచవచ్చో, వరద హెచ్చరిక రాగానే ఎవరు విప్పాలో, విప్పకపోతే ఏం చేయాలో ఒప్పందంలో రాసుకోవాలి. మూడోది, పూడిక తీసేటప్పుడు శిఖం మొత్తాన్ని ఒకే మట్టంగా చదును చేయకుండా, తూముకు దూరంగా లోతైన మడుగులు ఒకటి రెండు ఉంచటం. వేసవిలో చేప అక్కడ బతుకుతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడికమట్టిని రైతులు తమ ఖర్చుతో పొలాలకు తోలుకున్నారు, దాని మేలు వాళ్లు చూశారు. ఈసారి ఎక్కడ ఎంత లోతు తవ్వాలో చెప్పేటప్పుడు మత్స్యకారులను కూడా అడగండి. నాలుగోది, తొలకరి నీళ్లకు చేపలు ఎదురెక్కే రోజుల్లో మత్తడి కింద, కాలువ నోట వలలు, మావులు (చేపలు పట్టే బుట్టలు) పెట్టకుండా ఉండటం. కొర్రమీను, జెల్ల, పరక వంటి నాటు చేపల పిల్ల ప్రభుత్వ పంపిణీలో సాధారణంగా రాదు, అవి వాటంతట అవి పెరగాల్సిందే. పేద ఇళ్లలో కూరకు వచ్చేవి ఎక్కువగా అవే.

పంపిణీలో వచ్చే చేపపిల్లల గురించి ఒక మాట. 2016-17 నుంచి తెలంగాణలో ఉచితంగా పిల్లను ఇస్తున్నారు. ఆలస్యంగా వచ్చిన పిల్లను, వేలెడు కూడా లేని పిల్లను సంఘం మొహమాటానికి తీసుకోకూడదు. ఏడాది పొడుగునా నీరుండే చెరువులకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్ల ఇవ్వాలి. వదిలేటప్పుడు లెక్క పెట్టి, కొలిచి, పంచాయతీ పుస్తకంలో రాయించండి. రైతు ప్రతినిధి ఒకరు ఆ రోజు అక్కడ ఉంటే ఇంకా మంచిది.

సంఘం విషయంలో ఒక ప్రమాదం గురించి గట్టిగా హెచ్చరించాలి. పేరు సంఘానిది, పెట్టుబడి బయటి కాంట్రాక్టరుది అనే ఏర్పాటు మీ చెరువులో ఉందేమో నిజాయితీగా విచారించుకోండి. కొల్లేరులో జరిగిన నష్టానికి మూలం అదే. 1970లలో కొల్లేటి పేదలకు, మత్స్యకారులకు సొసైటీల పేరుతో సరస్సు భూములిచ్చారు. కాలక్రమంలో వాటిలో పెద్ద భాగం లీజుల రూపంలో బయటి పెట్టుబడిదారుల చేతికి వెళ్లి, గట్లు లేచి, సరస్సు చేపల చెరువులుగా ముక్కలైంది. 1999లో ప్రభుత్వం ఐదో కాంటూరు (ఎత్తును సూచించే గీత) వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర, అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో గట్లను కొట్టేశారు. ఆ కూల్చివేతల్లో లీజుకు తీసుకున్న పెద్దవాళ్లు పెట్టుబడి పోగొట్టుకుంటే, అక్కడే పుట్టి పెరిగిన వడ్డి కులస్థులు బతుకుతెరువు పోగొట్టుకున్నారు. సరస్సు మీద తరతరాలుగా వాళ్లకున్న హక్కు కాగితంలో వేరొకరి లీజు కింద కలిసిపోయినందువల్ల, మేము సరస్సు మనుషులమని చెప్పినా వినేవారు తక్కువయ్యారు. మీ సంఘం కూడా వేటను కాంట్రాక్టరుకు అప్పగించి ఉంటే, రేపు చెరువు కోసం నిలబడాల్సింది ఆ కాంట్రాక్టరు కాదని సభ్యులకు ఇప్పుడే అర్థం కావాలి. చేపలమ్మే ఆడవాళ్లకు సంఘంలో సభ్యత్వం లేకపోతే ఇప్పించండి. రోజూ చెరువు మీదికి వచ్చేది వాళ్లే, నీటి రంగు మారినా వాసన వచ్చినా ముందుగా చెప్పేదీ వాళ్లే.

ఒప్పందం రాసుకుంటే సరిపోదు, దాన్ని చూసే మనిషి కావాలి. పూర్వం ఆ మనిషి నీరటి. రాయలసీమలో నీరుగంటి అంటారు. తూము ఎత్తటం, దించటం, పొలాలకు వంతులు పెట్టటం, వాన రాత్రి కట్ట మీద తిరగటం అతని పని, పంట మీద గింజలు కొలిచి ఇవ్వటం ఊరి పని. గ్రామ సేవకుల పాత ఏర్పాటు పోయాక ఆ బాధ్యత ఎవరికీ చేరలేదు. 1997 నాటి రైతుల నీటిపారుదల వ్యవస్థల నిర్వహణ చట్టం కింద నీటి వినియోగదారుల సంఘాలు వచ్చినా, తూము దగ్గర రాత్రి నిద్రపోయే మనిషిని ఆ చట్టం ఇవ్వలేదు. ఎకరానికి ఇంత అని రైతులు, చేపల అమ్మకంలో ఇంత అని సంఘం కలిసి వేసుకొని ఒకరికి జీతం ఇవ్వండి. రెండు వర్గాల డబ్బూ అందులో ఉండటం ముఖ్యం, అప్పుడే అతను ఎవరి మనిషీ కాకుండా చెరువు మనిషి అవుతాడు. అతని దగ్గర ఒక పుస్తకం ఉండాలి. రోజూ నీటి మట్టం, తూము ఎత్తిన వేళ, వరద వచ్చిన తేదీ, వరద ఏ దారిన వచ్చిందో రాయాలి. ఈ పుస్తకం విలువ ఇప్పుడు చెప్పబోయే విషయంతో తెలుస్తుంది.

శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల అని పిలిచే చిత్తడి నేలలు ఉన్నాయి. ఎత్తిపోతలతో సాగు, చేపల వేట, పశువుల మేత అన్నీ ఆ నీటి మీదే ఆధారపడి ఉన్నాయి. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం పెట్టేందుకు భూమి కేటాయించినప్పుడు, పనికిరాని నేల అన్నట్టుగా కాగితాల్లో చూపించారు. ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అక్కడివాళ్ల తెగువను ఎంత చెప్పినా తక్కువే, పోయిన ప్రాణాలకు పరిహారం లేదు. అయితే నేను మీ దృష్టికి తేదలచింది మరొకటి: అది చిత్తడి నేల అనీ, జనం దాని మీద బతుకుతున్నారనీ నిలబడి చూపించగలిగారు కాబట్టి అప్పీలు నిలిచింది. వాడకంలో ఉన్న నీటిని బీడు అని రాయటం కష్టం. నీరటి పుస్తకం, తైబందీ తీర్మానాలు, చేపపిల్లల లెక్క, సంఘం అమ్మకాల రసీదులు, ఇవన్నీ మీ చెరువు వాడకంలో ఉందనటానికి సాక్ష్యాలు.

ఇప్పుడు కాగితాల దగ్గరికి వద్దాం. గ్రామ నక్ష (పటం), సేత్వార్ (మొదటి సర్వే నాటి భూమి రికార్డు), 1954-55 ఖాస్రా పహణీ (భూమి ఎవరిదో, ఎవరి సాగులో ఉందో చెప్పే రికార్డు) నకళ్లు తీయించండి. నక్షలో కాలువ గీత ఉంటే అదే మీకు మొదటి బలం. నీటిపారుదల శాఖ నుంచి చెరువు వివరాల పత్రం, సర్వే ఆఫ్ ఇండియా పాత పటం, వేర్వేరు ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు చేర్చండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల గడువు ఉంటుంది. శిఖంలో కొంత భూమికి పట్టా ఉందని ఎవరైనా అంటే కంగారు పడవద్దు. తెలంగాణలో శిఖం పట్టాలు నిజంగానే ఉంటాయి. నీరు వెనక్కి పోయినప్పుడు సాగు చేసుకునే హక్కే అది, మట్టి పోసి ఎత్తు పెంచటానికో, కట్టడం లేపటానికో హక్కు ఇవ్వదు. ఆ పట్టాదారులను శత్రువులుగా చూడకుండా ఒప్పందంలోకి తెచ్చుకోండి. వాళ్లను దూరం పెడితే పొలం మునగకుండా మత్తడి పగులగొట్టేది వాళ్లే అవుతారు, లేదా వెంచర్‌కు అమ్మేది వాళ్లే అవుతారు.

కాలువ ప్రభుత్వ భూమిలో ఉంటే 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద తహసీల్దారు ఏడో సెక్షన్ నోటీసు ఇచ్చి, ఆరో సెక్షన్ కింద తొలగించాలి. కాలువ పట్టా భూముల మీదుగా పోతుంటే, దాన్ని మూయటం సహజ నీటి ప్రవాహాన్ని అడ్డుకోవటమే కాబట్టి నీటిపారుదల శాఖను కక్షిదారుగా చేర్చాలి. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు, 10 మీటర్లకు మించిన వెడల్పు ఉన్న వాగులకూ కాలువలకూ 9 మీటర్లు, అంతకన్నా సన్నవాటికి 2 మీటర్లు వదలాలి. వెంచర్ లేఅవుట్‌కు అనుమతి ఉందో లేదో, ఉంటే అందులో కాలువ చూపించారో లేదో వెంటనే తెలుసుకోండి. కాలువ దాచి అనుమతి తెచ్చుకుని ఉంటే మీ కేసు సగం తేలికవుతుంది. మీ చెరువు హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) పరిధిలో ఉంటే ఎఫ్‌టీఎల్ ప్రాథమిక, తుది నోటిఫికేషన్లు ఏ దశలో ఉన్నాయో చూడండి. ప్రాథమిక దశలో అభ్యంతరాలు చెప్పుకోవటానికి వీలుంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు లోపల ఉంటే, చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రాకు కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు.

చాలామంది పొరపడే చోటు ఒకటుంది. 2017 చిత్తడి నేలల నియమాల కింద రక్షణ అడగమని మీకు ఎవరైనా చెబితే తొందరపడకండి. సాగునీటి కోసం మనుషులు కట్టిన చెరువులను ఆ నియమాల నిర్వచనం నుంచి మినహాయించారు. ఆ వాదనతో వెళ్తే అవతలి పక్షం మొదటి రోజే కొట్టేయిస్తుంది.

మీకు నిజంగా అక్కరకు వచ్చేది 2006లో సుప్రీంకోర్టు తిరుపతి చెరువుల మీద ఇచ్చిన తీర్పు. అక్కడ అవిలాల, పేరూరు చెరువుల భూములను 1990ల మొదట్లో ప్రభుత్వ ఉత్తర్వులతోనే ఇళ్ల నిర్మాణానికి ఇచ్చేశారు. పౌరుల సంస్థ ఒకటి హైకోర్టులో ఓడి, సుప్రీంకోర్టుకు వెళ్లింది. చెరువుల వంటి వనరులకు ప్రభుత్వం యజమాని కాదు, ప్రజల తరఫున ధర్మకర్త అని కోర్టు చెప్పింది. పేరూరు చెరువుకు నీళ్లు తెచ్చే వంకను శుభ్రం చేయించి తిరిగి పారించమని ఆదేశించింది. వరద కాలువను చెరువులో భాగంగా చూసిన ఆ ఆదేశం మీ వాదనకు ఆయువుపట్టు. అదే తీర్పులో బాధ కలిగించే సంగతి కూడా ఉంది: కేసు తేలేసరికే లేచిన ఇళ్లు నిలిచిపోయాయి, కొత్త కట్టడాలు మాత్రమే ఆగాయి. 2011లో పంజాబ్‌లోని ఒక గ్రామ చెరువు విషయంలో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా, చాలా కాలంగా ఆక్రమణలో ఉన్నామనీ, పెద్ద ఖర్చుతో కట్టామనీ చెప్పినంత మాత్రాన క్రమబద్ధీకరణ కుదరదని అంది. అయినా ఆచరణలో గోడలు లేవకముందు వెళ్లినవారికీ, లేచాక వెళ్లినవారికీ దొరికే న్యాయం ఒకటి కాదు.

అందుకే గడువు గురించి ఇంత పట్టుబట్టి చెబుతున్నాను. చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనం ముందు, 2010 చట్టం 14వ సెక్షన్ కింద, వివాదానికి కారణం మొదలైన ఆరు నెలల్లోపు వెళ్లాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు అనుమతించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది, కానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు. పునరుద్ధరణ అడగటానికి 15వ సెక్షన్ కింద ఐదేళ్ల వ్యవధి ఉన్నా, పనులు ఆపించే మధ్యంతర ఉత్తర్వు తొందరగా వెళ్లినవారికే దొరుకుతుంది. కాలువ పూడ్చి నాలుగు నెలలైంది కాబట్టి మీకు రెండు నెలలు మిగిలాయి.

ఈ రెండు నెలల్లో మొదటి రెండు వారాలు రైతుల, మత్స్యకారుల పెద్దలతో కూర్చోవటానికి పెట్టండి. ఒకరి మీద ఒకరు పెట్టుకున్న ఫిర్యాదులను ఉమ్మడి వినతితో ఉపసంహరించుకోండి. ఒప్పందాన్ని గ్రామసభ తీర్మానంగా రాయించి, హాజరు సంతకాలతో ధ్రువీకరించిన ప్రతి తీసుకోండి. ఆ తీర్మానంతోనే తహసీల్దారుకూ, నీటిపారుదల శాఖ డీఈ (డిప్యూటీ ఇంజనీరు)కీ, కలెక్టరుకూ ఒకే రోజున వినతులు ఇచ్చి రసీదులు దగ్గర పెట్టుకోండి. వాళ్లు కదిలినా కదలకపోయినా ట్రిబ్యునల్ దరఖాస్తును మాత్రం ఆపవద్దు. దరఖాస్తుదారులుగా ఆయకట్టు రైతు ఒకరు, మత్స్యకారుల సంఘం అధ్యక్షుడు, చేపలమ్మే మహిళ ఒకరు ఉంటే మంచిది. ధర్నా చేయాలనుకుంటే దరఖాస్తు పడ్డాక చేయండి, పూడ్చిన మట్టిని మీరే తవ్వే పని మాత్రం పెట్టుకోకండి. ఒక్క క్రిమినల్ కేసు చాలు, ఊరు మళ్లీ రెండుగా చీలటానికి.

జూన్‌లో మొదటి పెద్ద వాన పడిన రోజున పైచెరువు దగ్గరి నుంచి మీ కట్ట వరకు నీరు ఏ దారిన వస్తోందో, ఎక్కడ ఆగి ఎవరి ఇళ్లలోకి మళ్లుతోందో తేదీ, సమయం కనిపించేలా వీడియో తీయించండి. ఆ వరద వెంచర్‌లో ప్లాట్లు కొన్నవాళ్ల స్థలాల్లోకే చేరితే, వాళ్లను కూడా మీ వైపు సాక్షులుగా అడగండి. వీడియో తీసిన ఫోనును అలాగే భద్రపరచండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువీకరణ పత్రం అడుగుతారు, అందులో ఒక భాగాన్ని ఫోను ఎవరిదో వారే, మరో భాగాన్ని నిపుణుడు ఇవ్వాల్సి ఉంటుంది.